డిసెంబరులో విశాఖ: మీ ఉత్తరాలు, నా జవాబులు

కార్తీక మాసం వచ్చిందంటే ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల తీరు మారిపోతుంది. అప్పటిదాకా వీసాలు, తత్కాల్ టికెట్ల గురించి అడిగినవాళ్లంతా "మీ వైజాగ్" అని మొదలుపెడతారు. ఇక్కడే పుట్టి పెరిగినదాన్ని కాబట్టి నన్ను అడిగే హక్కు ఉందనుకుంటారు. ఉంది కూడా. అందుకే ఈసారి మా ఊరి ఉత్తరాలే తీసుకున్నాను.

ప్రశ్న: మేడమ్ గారూ, క్రిస్మస్ సెలవుల్లో మూడు రోజులకు విశాఖ వస్తున్నాం. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, మా అమ్మ. అమ్మకు మోకాళ్ల నొప్పులు. మొదటి రోజు సింహాచలం, కైలాసగిరి, జలాంతర్గామి మ్యూజియం, రుషికొండ. రెండో రోజు కారులో అరకు, బొర్రా గుహలు చూసుకుని రాత్రికి తిరిగి రావడం. మూడో రోజు వంజంగి, లంబసింగి. సాధ్యమేనా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: కారు అద్దంలోంచి చూసినా చూసినట్టే అనుకుంటే సాధ్యమే.

ముందు మూడో రోజు కొట్టేయండి. వంజంగి పాడేరు దగ్గర, లంబసింగి చింతపల్లి దగ్గర. మేఘాలు కనబడాలంటే తెల్లారకముందే కొండ మీద ఉండాలి. అంటే విశాఖలో అర్ధరాత్రి దాటగానే బయల్దేరాలి. చీకట్లో, చలిలో, రాళ్ల దారిలో కొండెక్కాలి. శని, ఆదివారాల్లో అయితే పైన మేఘాల కంటే మనుషులే ఎక్కువ కనిపిస్తారు. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడను కింద కారులో కూర్చోబెట్టి మీరు పైకి వెళ్తారా? వాటికి ఇంకోసారి, పాడేరులో రాత్రి ఉండేలా రండి.

ఇక అరకు. రోడ్డు మీద నూటపది కిలోమీటర్ల పైచిలుకు. మామూలు రోజుల్లో మూడు, మూడున్నర గంటలు. క్రిస్మస్ వారంలో ఆ లెక్క పనికిరాదు. శృంగవరపుకోట దాటి ఘాట్ మొదలయ్యాక ఒక టూరిస్టు బస్సు మలుపులో ఇరుక్కుంటే చాలు, వెనక కొండ చుట్టూ బళ్లే. పిల్లలకు కడుపులో తిప్పుతుంది, పెద్దవాళ్లకు బాత్‌రూమ్ టెన్షన్. మిట్టమధ్యాహ్నం అరకు చేరి, అన్నం దొరికేసరికి మూడై, "చీకటి పడితే ఘాట్ దిగడం కష్టం సార్" అని డ్రైవర్ తొందరపెడుతుంటే ఏం చూస్తారు? ఏటా చాలామంది చూసేది అదే. అలా వెళ్లొచ్చి "అరకులో ఏముందండీ" అంటారు.

అరకులో ఒక రాత్రి ఉండండి. పొద్దున రైల్లో వెళ్లండి. కిరండూల్ పాసింజరు విశాఖలో ఏడులోపే బయల్దేరుతుంది, పదకొండుకు అటూ ఇటుగా అరకు. పిల్లలను తీసుకుని మీలో ఒకరు బొర్రా గుహలు స్టేషన్లో దిగి, గుహలు చూసుకుని, అక్కడి నుంచి జీపులో అరకు రావచ్చు. అమ్మ ఒక్కరే బండిలో ముందుకు వెళ్లలేరు కాబట్టి ఆవిడకు తోడుగా ఇంకొకరు బండిలోనే ఉండిపోవడం మేలు. గుహల్లో మెట్లు చాలా ఉన్నాయి, పైగా తడి. లోపల దీపాల వెలుగు అందంగానే ఉంటుంది కానీ కాలు జారిందంటే ఆ అందం గుర్తుండదు. బయట కోతులుంటాయి, చేతిలో చిప్స్ పొట్లం పెట్టుకుని తిరగొద్దు.

డిసెంబరులో అరకు దారిలో వలిసె పూలు పసుపు పరిచినట్టు ఉంటాయి. ఫొటో కోసం చేనులోకి దిగితే పక్కన కూర్చున్న రైతు మనిషికింత అని అడుగుతాడు. కొందరు టూరిస్టులు దానికి కూడా గొడవ పడటం చూశాను. ఆ పూలు నూనె గింజల పంట, మన సెల్ఫీ కోసం వేసిన తోట కాదు. ఇచ్చేసి, గట్టు మీద నుంచే తీసుకోండి.

మిగిలిన ఒక్క రోజులో సింహాచలం ఒక పూట, బీచ్ రోడ్డు ఒక పూట. కైలాసగిరికి రోప్‌వేలో వెళ్తే అమ్మకు ఇబ్బంది ఉండదు. రుషికొండ వదిలేసినా నష్టం లేదు.

ప్రశ్న: విస్టాడోమ్ కోచ్‌లో టికెట్లు ఎప్పుడు చూసినా వెయిటింగ్ లిస్టే. అది లేకపోతే రైలు ప్రయాణం దండగేనా?
– డిగ్రీ విద్యార్థి, విజయవాడ

జవాబు: దండగేమీ కాదు. అద్దాల కోచ్ 2017లో వచ్చింది. అంతకు ముందు కొన్ని దశాబ్దాల పాటు మేమందరం మామూలు బోగీ తలుపు దగ్గర గాలి పీల్చుకుంటూ వెళ్లినవాళ్లమే. రిజర్వేషన్ ఇప్పుడు అరవై రోజుల ముందు తెరుస్తున్నారు. డిసెంబరు శని, ఆదివారాలకు తెరిచిన పూటే చూడాలి. దొరక్కపోతే అదే బండిలో స్లీపరో, సెకండ్ సిట్టింగో.

అద్దాల కోచ్‌లో కుర్చీ గుండ్రంగా తిరుగుతుంది, పైకప్పులోంచి కొండ కనబడుతుంది. బాగుంటుంది. కానీ కిటికీ తెరుచుకోదు. మామూలు బోగీలో తడి మట్టి వాసన వస్తుంది, ప్రతి స్టేషన్లో జామకాయలు, ఉడకబెట్టిన వేరుశనక్కాయలు కిటికీ దగ్గరికే వస్తాయి. బైలదిల్లా ఇనుప ఖనిజం రేవుకు తేవడానికి వేసిన లైను ఇది, ప్రయాణికుల సంబరం కోసం వేసింది కాదు. అందుకే ఎదురుగా గూడ్సు వస్తే మన బండి ఆగుతుంది, ఆలస్యం మామూలే. దారి పొడుగునా యాభైకి పైగా సొరంగాలు. ఒక్కోటి రాగానే బోగీ మొత్తం పిల్లలూ పెద్దలూ ఒకటే కేక. మొదటి నాలుగింటికి మీకు చిరాకొస్తుంది, ఐదో దానికి మీరూ అరుస్తారు. అరకుకు ముందు శిమిలిగూడ స్టేషన్ వస్తుంది. సముద్ర మట్టానికి దాదాపు 996 మీటర్ల ఎత్తు. పొద్దున సముద్రం పక్కన బండెక్కినవాళ్లం అక్కడికొచ్చేసరికి శాలువా కోసం సంచీ వెతుక్కుంటాం.

ప్రశ్న: పోయిన ఏడాది ఆదివారం సాయంత్రం ఆర్కే బీచ్‌కి వెళ్లాం. పార్కింగ్‌కి ముప్పావుగంట. ఇసుకలో కాగితం ప్లేట్లు, మొక్కజొన్న బొండ్లు. జనం మీద జనం. గోవా వెళ్దామన్నది మావారు, విశాఖ అన్నది నేను. సంవత్సరం నుంచి సాధిస్తున్నారు. మళ్లీ రమ్మంటారా?
– గృహిణి, కరీంనగర్

జవాబు: అమ్మా, మీరు రాసినదాంట్లో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. ఆ చెత్త చూస్తే నాకూ సిగ్గేస్తుంది. తెల్లవారుజామున చీపుళ్లతో పారిశుధ్య కార్మికులు దిగితేగానీ ఇసుక ఇసుకలా కనబడదు.

కానీ ఒక విషయంలో మీతో ఏకీభవించను. జనం ఉండటం తప్పు కాదు. ఆదివారం సాయంత్రం ఆర్కే బీచ్‌కి వచ్చేవాళ్లలో టూరిస్టులు సగమే. మిగతా సగం ఈ ఊరివాళ్లు. గాజువాక నుంచి, పెందుర్తి నుంచి బస్సు ఎక్కి, క్యారేజీలో పులిహోర కట్టుకుని, దుప్పటి పరుచుకుని కూర్చునేవాళ్లు. వాళ్లకు టికెట్ లేని వినోదం ఇదొక్కటే. రెండు గంటలు అలల దగ్గర నిలబడి, బుడగల తుపాకీ కొనివ్వమని ఏడ్చే పిల్లాడిని ఎత్తుకుని వెళ్లిపోతారు. మనకు ప్రశాంతత కావాలంటే వాళ్లను తప్పుపట్టకుండా మన వేళ మార్చుకోవడమే న్యాయం.

తెల్లారి ఐదున్నరకు రండి. పొద్దున కొన్ని గంటలు బీచ్ రోడ్డులో కొంత మేర బళ్లు ఆపేస్తారు, నడిచేవాళ్లదే రాజ్యం. సూర్యుడు నేరుగా నీళ్లలోంచే లేస్తాడు. మీవారిని తెచ్చి అక్కడ నిలబెట్టండి. గోవాలో సూర్యుడు సముద్రంలో మునుగుతాడు, అది చూడాలంటే సాయంత్రం దాకా ఆగాలి. మాకు కాఫీ కంటే ముందే అయిపోతుంది. ఈ మాట ఆయనతో అనండి, ఇంకో సంవత్సరం సాధించకుండా ఉంటారేమో.

జలాంతర్గామి కుర్సురా మీద కూడా ఒక మాట. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, ఆ తర్వాతి ఏడాది నుంచి ఇసుక మీద మ్యూజియంగా ఉంది. సోమవారం సెలవు. మిగతా రోజుల్లో ఎక్కువగా మధ్యాహ్నం నుంచే తెరుస్తారు. తెరిచీ తెరవగానే వెళ్తే లోపల వివరించే మాజీ నేవీ ఉద్యోగులు తీరిగ్గా చెబుతారు. సాయంత్రం ఆరుకు వెళ్తే "ముందుకి జరగండి, ముందుకి జరగండి" అన్నది తప్ప ఏమీ వినపడదు. అంత ఇరుకు గొట్టంలో ఒకరి బెర్తు మీద ఒకరు నెలల తరబడి ఎలా పడుకున్నారో తెలియాలంటే అక్కడ రెండు నిమిషాలు ఆగగలగాలి.

ప్రశ్న: పిల్లలు సముద్ర స్నానం అంటున్నారు. ఆర్కే బీచ్‌లో నడుం లోతు దాకా వెళ్లనివ్వచ్చా?
– నిజామాబాద్ నుంచి

జవాబు: వద్దు. అక్కడ తీరం ఉన్నట్టుండి లోతవుతుంది, వెనక్కి వెళ్లే అల కాళ్ల కింద ఇసుకను లాగేస్తుంది. ఈత వచ్చినవాళ్లే కొట్టుకుపోతారు. యారాడ బీచ్‌లోనూ అంతే. ప్రతి ఏడాదీ బయటి ఊళ్ల నుంచి వచ్చిన కుర్రాళ్ల వార్తలు మేం పేపర్లో చదువుతూనే ఉన్నాం. లైఫ్‌గార్డు విజిల్ వేస్తే వాదించకండి. మడమలు తడిస్తే చాలు, అదీ పిల్లల చెయ్యి మీ చేతిలో ఉంటేనే.

ప్రశ్న: అక్కా, మీరు బయటివాళ్లకే సలహాలిస్తారా? మాది ఎంవీపీ కాలనీ. డిసెంబరు మొదటి వారం నుంచి సంక్రాంతి దాకా మా ఇల్లు సత్రం. అత్తగారి తరఫు, అమ్మ తరఫు, ఆఖరికి పక్కింటివాళ్ల చుట్టాలు కూడా. వచ్చిన ప్రతివాళ్లనూ నేనే కైలాసగిరికి తిప్పాలి. ఏం చేయను?
– మీ ఊరి పాఠకురాలు

జవాబు: చెల్లీ, సముద్రం పక్కన ఇల్లు కట్టుకున్నాక తప్పుతుందా! హోటల్ ధరలు డిసెంబరులో ఎలా ఉంటాయో చూస్తే చుట్టాలనూ అనలేం.

నేను పాటించేది చెబుతాను. పొద్దున టిఫిను, రాత్రి భోజనం, పడుకోవడానికి పరుపు నా బాధ్యత. తిప్పడం కాదు. రైల్వే స్టేషన్ నుంచి రుషికొండ మీదుగా భీమిలి వెళ్లే 900కె బస్సు నంబరు ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించేశాను. ఆ బస్సులో సముద్రం వైపు కిటికీ దొరికితే పెద్ద కారు కూడా దాని ముందు దిగదుడుపే. "నువ్వు రావా వదినా" అంటే "నాకు సముద్రం రోజూ ఉంటుందమ్మా, మీరు చూసి రండి" అంటాను. మొదటిసారి మొహాలు చిన్నబోయాయి. ఇప్పుడు వాళ్లే "ఫ్రిజ్ మీద కాగితం ఉంది కదా" అనుకుని వెళ్లిపోతున్నారు. అత్తగారి తరఫువాళ్ల విషయంలో మాత్రం ఇది మీ ఆయన నోటి నుంచి రావాలి.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో "సీ వ్యూ" అని చెప్పి రెట్టింపు తీసుకున్నారు. కిటికీ తెరిస్తే పక్క బిల్డింగు వాటర్ ట్యాంకు. మెడ బయటపెట్టి ఎడమవైపు వంగితే నీలం రంగు కనబడింది. ఇది మోసం కాదా?
– కర్నూలు

జవాబు: మోసమే. వచ్చేసారి డబ్బు కట్టకముందు హోటల్‌కి ఫోన్ చేసి, ఏ అంతస్తు, ఏ గది, కిటికీ ఎటు అని అడిగి, వాట్సాప్‌లో గది ఫొటో తెప్పించుకోండి. నా మాట వింటే అసలు సీ వ్యూ అడగొద్దు. ఆర్టీసీ కాంప్లెక్స్, డాబాగార్డెన్స్ చుట్టుపక్కల గది తీసుకుని, మిగిలిన డబ్బుతో రెండు పూటలా మంచి చేపల పులుసు తినండి.

ప్రశ్న: జనం లేని చోటు ఒక్కటి చెప్పండి. ఎవరికీ చెప్పం.
– నలుగురు స్నేహితులు, హైదరాబాద్

జవాబు: పత్రికలో అచ్చు వేయించి ఎవరికీ చెప్పకండి అంటే ఎలా బాబూ! సరే.

పాత ఊరు. మా భాషలో వన్‌టౌన్. రేవు పక్కన మూడు గుట్టలున్నాయి. ఒకదాని మీద మేరీమాత చర్చి, ఒకదాని మీద దర్గా, ఇంకోదాని మీద వెంకటేశ్వరస్వామి. చర్చి ఉన్నది రాస్ హిల్. పైనుంచి చూస్తే ఓడలు సన్నటి కాలువలోంచి హార్బరులోకి వస్తుంటాయి, ఎదురుగా డాల్ఫిన్స్ నోస్ కొండ. ఇది గుడి, చర్చి, దర్గా అని గుర్తుపెట్టుకుని నలుగురూ కాస్త మెల్లగా మాట్లాడండి.

పొద్దున్నే లేవగలిగితే ఫిషింగ్ హార్బరు. వాసన భరించాలి, చెప్పుల కింద మంచు నీళ్లు, చేప పొలుసు. వేలంపాట జోరుగా ఉంటుంది. బుట్టల ముందు కూర్చున్న ఆడవాళ్లు కోనెం చేప ధర ఎంత వేగంగా చెప్పి ఎంత వేగంగా ముగిస్తారో, మీరు ఫోన్ తీసేలోపు బుట్ట ఆటో ఎక్కేస్తుంది. దారికి అడ్డం నిలబడితే తిడతారు, తిట్టించుకోవాలి. మీరు ఫొటోలకొచ్చారు, వాళ్లు బతుకుతెరువుకి.

భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు కూడా బాగుంటాయి కానీ తొమ్మిది దాటితే ఎండ మాడ్చేస్తుంది. అక్కడి మట్టి గోడలెక్కి జారకండి. వేల ఏళ్లుగా గాలీ వానా చెక్కినవి అవి, మీ బూట్లకు ఆగవు.

ఇంకో చోటు కూడా ఉంది. అది మాత్రం చెప్పను.

ప్రశ్న: బీచ్‌లో మూరీ మిక్చర్ (మరమరాల మిక్చర్) ఏ బండి దగ్గర బాగుంటుంది?
– పేరు రాయలేదు

జవాబు: ఆంధ్రా యూనివర్సిటీ పిల్లలు ఏ బండి ముందు ఎక్కువమంది నిలబడితే అక్కడ. ఉల్లిపాయ ఎక్కువ వేయమనండి, నిమ్మకాయ మీ ఎదురుగానే పిండించుకోండి. పొట్లం కట్టించుకుని రూముకు తీసుకెళ్లొద్దు, మెత్తబడిపోతుంది.