కార్టు ఎక్కబోతున్న బుజ్జికి

గాజువాక,
ఆదివారం

బుజ్జీ,

చెన్నైలో జరిగే గో-కార్టుల క్లబ్ రేసుకి నువ్వు పేరిస్తున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఆమె గొంతులో భయం వినిపించింది. నాకు మాత్రం ముందు సంతోషమే కలిగింది. మన ఇంట్లో మళ్ళీ ఒకరు కార్టు ఎక్కుతున్నారు, అదీ మన గుంట, అని మీ పెద్దమ్మ దగ్గర పొద్దుపోయేదాకా చెప్పుకున్నాను. తీరా పడుకున్నాక నిద్ర రాలేదు. ఫోన్‌లో చెబితే "సరే పెదనాన్నా" అని పెట్టేస్తావు. కాగితమైతే దగ్గర ఉంటుంది, హాస్టల్లో తీరిగ్గా చదువుకుంటావని రాస్తున్నాను.

తేలిక సంగతులు ముందు చెప్పేస్తాను. దేశంలో మోటారు పోటీలకి ఎఫ్‌ఎంఎస్‌సీఐ పెద్ద దిక్కు, లైసెన్సు నిబంధనలు వాళ్ళవే. నీకింకా పద్దెనిమిది నిండలేదు కనక ఇంట్లోవాళ్ళ సంతకం కావాలి. ఈ రేసుకి ప్రత్యేకంగా ఇచ్చే నిబంధనల పుస్తకం ఉంటుంది, మొదటి పేజీ నుంచి చివరిదాకా చదువు. ముందు రోజే వెళ్ళి ట్రాక్ అంతా నడిచి చూడు. చెన్నైలో కోరమాండల్ రైలు దిగాక ట్రాక్ ఉన్న ఇరుంగాట్టుకోట్టై ఇంకో 40 కిలోమీటర్లు ఉంటుంది, ఆ ప్రయాణం అలసటని కూడా లెక్కలో వేసుకో.

ఇన్నాళ్ళూ నువ్వు వైజాగ్‌లో నడిపినవి అద్దె కార్టులు. నాలుగు స్ట్రోకుల చిన్న ఇంజను, చుట్టూ దుక్కలాంటి బంపరు. ఎవరినైనా గుద్దినా నవ్వుకుని ముందుకి పోవచ్చు. రేసు కార్టు వేరు. రోటాక్స్ కంపెనీ 125 సీసీ సీనియర్ ఇంజను దాదాపు 30 హార్స్‌పవర్ ఇస్తుంది, 14,000 ఆర్‌పీఎం దాకా తిరుగుతుంది. స్ప్రింగులు ఉండవు, మలుపులో రెండు చక్రాలనీ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ ఉండదు. వెనక చక్రాలు రెండూ ఒకే యాక్సిల్ మీద ఒకే వేగంతో తిరుగుతాయి కనక, మలుపులో లోపలివైపు వెనక చక్రం నేల మీద నుంచి కాస్త లేస్తే తప్ప బండి సరిగ్గా తిరగదు. దాన్ని లేపేది నువ్వు తిప్పే స్టీరింగు, వంగే ఛాసిస్ (బండి చట్రం) గొట్టాలు, నీ ఒంటి బరువు. సీటు ఒక అంగుళం ముందుకో వెనక్కో జరిగినా బండి స్వభావం మారిపోయేది అందుకే. ఎవరి సీట్లోనో దిండు పెట్టుకుని సర్దుకోకు. నీ నడుముకి, నీ పక్కటెముకలకి సరిపోయే సీటు అడుగు.

నువ్వు ఎక్కబోయే కార్టుకి బ్రేకు వెనక యాక్సిల్‌కి మాత్రమే ఉంటుంది. బండి నేరుగా ఉన్నప్పుడే గట్టిగా తొక్కు, వదులుతూ తిప్పు. సగం తిరిగాక తొక్కితే వెనక భాగం జారి, నువ్వు వచ్చిన దారికే ఎదురు తిరిగి ఉంటావు. అలా తిరిగి ఆగిపోయిన కార్టు గురించే ఈ ఉత్తరం రాయాలనిపించింది, దాని దగ్గరికి వస్తాను.

దానికన్నా ముందు నీ జుట్టు సంగతి. 2020లో హైదరాబాద్ శివార్లలో సరదాగా కార్టు ఎక్కిన ఒక ఇంజనీరింగ్ అమ్మాయి జుట్టు చక్రానికి చుట్టుకుని ప్రాణం పోయింది. పేపర్లో అది చదివిన రోజు నాకు నువ్వే గుర్తొచ్చావు. అప్పటికే నీ జడ నడుము దాటి ఉండేది. తల్లీ, కత్తిరించుకోమని నేను అనను. కానీ జడ వదులుగా వేస్తే సరిపోదు, హెల్మెట్ కింద కొప్పు పెట్టినా సరిపోదు. కొప్పు వెనక నుంచి హెల్మెట్‌ని ముందుకి తోస్తుంది, పట్టీ బిగించినా అది తల మీద కుదురుగా కూర్చోదు. మెడ దగ్గర బిగుతుగా జడ వేసి, సూట్ జిప్పు వేయకముందే వీపు వైపు లోపలికి దోపెయ్యి. దాని పైనుంచి బాలక్లావా, అంటే తలా మెడా కప్పే గుడ్డ తొడుగు, ఆ పైన హెల్మెట్, మెడ కాలర్. చున్నీ, గొలుసు, చెవి రింగులు గ్యారేజీలోనే తీసేసి ఎవరికైనా ఇచ్చెయ్యి. గ్రిడ్ మీదకి, అంటే రేసు మొదలయ్యే వరుసల్లోకి, వెళ్ళేముందు పక్కవాళ్ళని నీ వీపు చూడమను. ఒక్క పాయ బయట ఉన్నా దిగి సర్దుకో, మొదటి వరుస పోయినా ఫర్వాలేదు.

హెల్మెట్ మాటకి వస్తే, పోయిన దీపావళికి భీమిలి రోడ్డులో స్నేహితురాలి స్కూటీ వెనక హెల్మెట్ లేకుండా వెళ్తూ కనిపించావు. పండగ పూట కదా అని ఊరుకున్నాను. ఇప్పుడు అంటున్నాను: రోడ్డు మీద తలని లెక్కచేయని పిల్లకి ట్రాక్ మీద కొత్తగా బుద్ధి రాదు. ఐఎస్‌ఐ గుర్తున్న స్కూటర్ హెల్మెట్ రోడ్డుకి సరే, రేసుకి చాలదు. నిబంధనల్లో రాసిన ప్రమాణం, సాధారణంగా స్నెల్ కె లేదా ఎస్‌ఏ గుర్తు, లోపల స్టిక్కరు చూసే కొను. సెకండ్‌హ్యాండ్ హెల్మెట్ వద్దు, అది ఎక్కడ పడిందో బయటికి కనబడదు. చీలమండ కప్పే బూట్లు, చేతులకి గ్లోవ్స్, రాపిడికి చిరగని కార్టింగ్ సూటు తప్పనిసరి. పక్కటెముకల రక్షణ కవచం కూడా కావాలి, ఎఫ్‌ఐఏ 8870 (అంతర్జాతీయ మోటారు క్రీడల సంస్థ ప్రమాణం) గుర్తు ఉన్నది. అది దండగ ఖర్చని ఎవరైనా అంటే వినకు. సీటు అంచు ఒకే చోట రెండు రోజులు కొడితే ఎముక బీటలిస్తుంది. దానికి డబ్బు నేను పంపుతాను, మీ నాన్నని అడగకు.

ఇప్పుడు మీ నాన్న సంగతి.

వాడి కుడికాలు వాన పడితే కుంటుతుంది కదా. సింహాచలం ఘాట్‌లో స్కూటర్ జారిందని నీకు చెప్పాం. అది నిజం కాదు. నీకు రాస్తానని మొన్న వాణ్ణి అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "రాయి అన్నయ్యా, దానికి నాలా కాకుండా నేర్పు" అన్నాడు.

అప్పుడు నేను కోయంబత్తూరులో పంపుసెట్ల కంపెనీలో ఫిట్టర్ని. ఆదివారాలు కార్టింగ్ క్లబ్‌లో ఇంజన్లు విప్పి బిగించేవాణ్ణి, తర్వాత రేసుకి ముందు బండ్లు తనిఖీ చేసే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. రేసర్ కరివర్ధన్ గారి పేరు మీద చెట్టిపాళయంలో కరి మోటార్ స్పీడ్‌వే కట్టాక ఆ ఊళ్ళో కుర్రాళ్ళందరికీ ఇదే పిచ్చి. ఉద్యోగం వెతుక్కోవడానికి నా దగ్గరికి వచ్చిన మీ నాన్నకీ అంటుకుంది. చెయ్యి తిరిగినవాడు. నేను చూసినవాళ్ళలో బ్రేకు అంత మెత్తగా వదిలేవాడు ఇంకొకడు లేడు.

వేరే ఊళ్ళో ఒక చిన్న ట్రాక్ మీద క్లబ్ రేసు. వాడిది స్టార్టర్ లేని పాత రెండు స్ట్రోకుల ఇంజను. ఆగిందంటే వెనక ఎత్తి పట్టుకుని తోస్తూ పరిగెత్తి, అది అందుకోగానే దూకి కూర్చోవాలి. మూడో స్థానంలో ఉన్నాడు. గుట్ట పక్కన కనబడని కుడి మలుపులో వెనకవాడు తగిలించాడు, కార్టు గిర్రున తిరిగి ట్రాక్ మధ్యలో ఆగింది. ఇంజను ఆగిపోయింది. దెబ్బ తగల్లేదు, గీత కూడా పడలేదు. వాడు ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా కిందికి దూకాడు. మూడో స్థానం పోతోందన్న కోపం. వచ్చే బండ్లకి వీపు చూపించి, వంగి, వెనక బంపరు పట్టుకుని ఎత్తుతున్నాడు.

పసుపు జెండా ఊపుతూనే ఉన్నారు. నేను పిట్ (బండ్లు ఆపి బాగుచేసుకునే చోటు) గోడ దగ్గర నుంచి అరిచాను. ఆ ఇంజన్ల మోతలో ఎవరికి వినబడుతుంది? వచ్చినవాళ్ళలో మొదటి ఇద్దరూ జెండా చూశారు, పక్కకి తప్పించారు. మూడో కుర్రాడు ముందున్న కార్టు బంపరు మీదే కళ్ళు పెట్టి వచ్చాడు. వాడికి మీ నాన్న కనబడేసరికి బ్రేకు తొక్కే చోటు కూడా మిగల్లేదు. వాడి కార్టు మీ నాన్న కార్టుని కొట్టింది, ఆ కార్టు మీ నాన్న కాలిని కొట్టింది. మోకాలి కింద రెండు ఎముకలూ విరిగాయి. సీట్లోనే కూర్చుని ఉంటే చుట్టూ ఉన్న బంపర్లు ఆ దెబ్బలో చాలా భాగం తీసుకునేవి.

మీ నానమ్మ బొకారో ఎక్స్‌ప్రెస్‌లో ఒక్కత్తే వచ్చింది. తమిళం ముక్క రాదు, స్టేషన్ నుంచి ఆస్పత్రికి ఎలా చేరిందో ఇప్పటికీ నాకు తెలీదు. ఎవరినీ ఒక్క మాట అనలేదు. మంచం పక్కన కూర్చుని, కట్టు లేని రెండో కాలు పట్టుకుని నిమురుతూ ఉండిపోయింది. వాడు మళ్ళీ కార్టు ఎక్కలేదు.

అందుకే ఇది నువ్వు నోటికి వచ్చేదాకా చదువు. తిరిగి ఆగిపోయావా, రెండు చేతులూ పైకెత్తు. సీట్లోనే ఉండు. బండ్లు వచ్చే వైపు చూడు. గుంపు మొత్తం దాటేదాకా కదలకు, స్థానం పోతే పోనీ. నీ బండికి స్టార్టర్ ఉంటుంది, అయినా దారి ఖాళీ అయ్యాకే, ట్రాక్ పక్కన జెండాలు ఊపే మార్షల్ సైగని బట్టే బయల్దేరు. దిగాల్సి వస్తే ట్రాక్ వైపు వీపు పెట్టకుండా దగ్గరి అంచుకి వెళ్ళి అడ్డుగోడ దాటి నిలబడు. హెల్మెట్ తీయకు. నిన్ను తగిలించినవాడి మీద చెయ్యి ఊపడం, వాడి కోసం అక్కడే కాపు కాయడం నీకు పనికిరాదు. నీ ఫిర్యాదు రేసు అయ్యాక అధికారుల దగ్గర రాతపూర్వకంగా ఇవ్వొచ్చు.

ఇదే మాట రెండోవైపు నుంచి కూడా. పసుపు జెండా కనిపిస్తే ముందు ఎవరో మీ నాన్నలా వంగి ఉన్నారనుకో. వేగం తగ్గించు, దాటకు. నీ కళ్ళు ముందున్న బంపరు మీద కాదు, దాని అవతల మలుపు మీద ఉండాలి. నీలం జెండా అంటే నిన్ను ఒక ల్యాప్ దాటబోయేవాడు వెనక ఉన్నాడు, నువ్వు పోయే దారి ఉన్నట్టుండి మార్చకుండా వాణ్ణి దాటనివ్వు. నల్ల జెండా మధ్యలో నారింజ చుక్క, పక్కన నీ నంబరు ఉంటే బండిలో ఏదో ఊడుతోంది, పిట్‌కి వచ్చెయ్యి. ఎర్ర జెండా అంటే రేసు ఆపేశారు. కార్టు ముందుండే ప్లాస్టిక్ ముక్కు ఎవరినైనా తోస్తే లోపలికి కుంగుతుంది, అంతర్జాతీయ నిబంధనల్లో దానికి 5 సెకన్ల జరిమానా. మీ క్లబ్‌లో ఎంతో పుస్తకంలో చూడు.

ఇంజను సంగతి: పెట్రోల్‌లో నూనె 50కి 1, అంటే 5 లీటర్లకి 100 మిల్లీలీటర్లు. కొలగ్లాసుతో పొయ్యి, కంటి అంచనాతో వద్దు. రెండు స్ట్రోకుల ఇంజనుకి ఆ నూనె తప్ప ఇంకో రక్షణ లేదు. బండి సెకండ్‌హ్యాండ్‌ది కొందామని నాన్న అంటే, ముందు పడుకోబెట్టి అడుగు భాగం చూడండి. గొట్టాలు నేలకి రాసుకుని చదునైపోయి ఉంటాయి, వెల్డింగుల దగ్గర రంగు కొత్తగా ఉంటే కింద చీలిక అతికించారని అర్థం. ఇక్కడ మన ఉప్పుగాలికి చెయిను, బేరింగులు త్వరగా పాడవుతాయి. తుడిచి నూనె రాయకుండా ఒక్క రాత్రి కూడా వదలకు. 2014లో హుద్‌హుద్‌కి మా రేకుల షెడ్డు లేచిపోయి, మీ నాన్న పాత ఛాసిస్ వానలో నానింది. రేసుకి పనికిరాదు. సీటు కొలతకి, స్టీరింగు పట్టు నేర్చుకోవడానికి పనికొస్తుంది, తుప్పు గీకి ఉంచాను.

నువ్వు సన్నగా ఉంటావు కనక, బండీ మనిషీ కలిసి ఉండాల్సిన కనీస బరువుకి సీసం కలపాల్సి రావచ్చు. దాన్ని ప్లాస్టిక్ టైలతో కట్టకూడదు, కనీసం 6 మిల్లీమీటర్ల బోల్టులు రెండు వేసి బిగించాలి. మీ దగ్గర బిగించినవాళ్ళ మీద వదిలెయ్యకు, స్పానర్ నీ చేత్తో పట్టి చూసుకో. వచ్చే ఆదివారం హెల్మెట్, సూటు వేసుకునే గాజువాక రా. తూకం మా వీధి బియ్యం కొట్టులో చూద్దాం, జడ మీ పెద్దమ్మ వేస్తుంది. నాన్నని కూడా తీసుకురా, వాడి చేతే నీకు బ్రేకు వదలడం నేర్పిస్తాను.

మీ పెదనాన్న