అమ్మానాన్నలతో ఇంగ్లండ్ పల్లెల్లో పబ్‌కి వెళ్ళాలంటే ఎక్కడికి?

మీ ప్రశ్న చదవగానే మా ఇంట్లో ఎనిమిదేళ్ళ కిందట జరిగిన వాదన గుర్తొచ్చింది. జూలైలో అమ్మానాన్నలు వస్తున్నారు, లండన్ అయ్యాక నాలుగైదు రోజులు పల్లెటూళ్ళు తిప్పాలనుకుంటున్నాం, మంచి కంట్రీ పబ్‌లూ రెస్టారెంట్లూ చెప్పండి, అమ్మ శాకాహారి, పైగా "మందు కొట్టే చోటికి నేను రాను" అంటోంది అని రాశారు. మా అమ్మ కూడా అచ్చం ఇదే మాట అంది. గుంటూరులో బ్రాందీ షాపు కనిపిస్తే రోడ్డుకి అటు పక్కకి మారి నడిచే మనిషి మరి.

నేను లండన్‌కి పడమటన ఉన్న రెడింగ్‌లో పదకొండేళ్ళుగా ఉంటున్నాను. శనివారం వాన లేకపోతే ఎక్కడో ఒక చోట నడక, నడక చివర పబ్. అందుకే ముందు ఒక మాట చెప్తాను, మిగతాదంతా దాని మీదే. పబ్‌ని మెనూ చూసి ఎంచుకోకండి. దాని చుట్టూ చూడ్డానికీ నడవడానికీ ఏముందో చూసి ఎంచుకోండి. రోజుకి ఒక్కటి చాలు. మైలో రెండు మైళ్ళో నడిచి, ఆకలేసి, బూట్లకి మట్టితో లోపలికి అడుగు పెడితే ఆ చెక్క బల్లలూ ఆ సూపూ ఎందుకంత బాగుంటాయో తెలుస్తుంది. కారు దిగి నేరుగా వెళ్ళి కూర్చుంటే అది పాతబడిన హోటల్‌లా కనిపిస్తుంది, అంతే.

మీ అమ్మగారి టెన్షన్ గురించి ఎక్కువ ఆలోచించకండి. పబ్ అంటే పబ్లిక్ హౌస్, పల్లెల్లో అది నిజంగానే నలుగురూ కూర్చునే ఇల్లు. మా అమ్మని మొదటిసారి తీసుకెళ్ళినప్పుడు పక్క బల్ల దగ్గర ఒక ముసలి జంట ఒకే 'పై' (కూర కూరి కాల్చిన వంటకం) తెప్పించుకుని చెరిసగం తింటున్నారు. వాళ్ళ కాళ్ళ దగ్గర కుక్క నిద్రపోతోంది. ఇంకో మూల ఒకావిడ ఊలు అల్లుకుంటోంది. పది నిమిషాలు అటూ ఇటూ చూసి "ఇందులో బారెక్కడుందిరా?" అంది అమ్మ. ఆ తర్వాత వాదన లేదు.

నేను అందరినీ మొదట పంపేది బార్క్‌షైర్‌లో ఆల్డ్‌వర్త్ అనే ఊళ్ళోని బెల్ ఇన్‌కి. ఒకే కుటుంబం 250 ఏళ్ళకి పైగా నడుపుతున్న పబ్ అది. బీరు ప్రియుల సంఘం కామ్రా దీనికి 1990లో ఒకసారి, మళ్ళీ 2019కి ఒకసారి దేశం మొత్తానికీ ఉత్తమ పబ్ అవార్డు ఇచ్చింది. అంత పేరున్న చోట ఏం పెడతారా అని మా నాన్న ముస్తాబై వచ్చాడు. తీరా చూస్తే కౌంటర్ కూడా లేదు. గోడలో ఒక కిటికీ, దాని అవతల మనిషి. రైలు టికెట్ తీసుకున్నట్టు వంగి అడగాలి. తిండి అంటే ప్రధానంగా వేడి రోల్స్, సూప్. అమ్మకి చీజ్ రోల్ చెప్పాను. "ఇది బన్నే కదరా, దీనికోసమా ఇంత దూరం?" అంది, కానీ పైపెంకు కరకరలాడుతుంటే మొత్తం తినేసింది. నాన్న రోల్ గురించి ఏమీ అనలేదు, బీరు గురించి మాత్రం అన్నాడు: "ఇంత వెచ్చగా ఇచ్చాడేంట్రా, ఫ్రిజ్ పాడైందా?" పాడవలేదు. ఏల్ అనే ఇక్కడి సంప్రదాయ బీరుని నేలమాళిగలో 12 డిగ్రీల ప్రాంతంలో ఉంచి చేతిపంపుతో లాగి ఇస్తారు. ఐసులా చల్లగా ఉంటే దాని రుచి తెలియదని వాళ్ళ లెక్క. మీ నాన్నగారికి ముందు హాఫ్ పింట్ చెప్పండి. పింట్ అంటే 568 మిల్లీలీటర్లు, నచ్చకపోతే అది తరగదు. కొంచెం రుచి చూస్తామని అడిగితే చాలా చోట్ల చిన్న గ్లాసులో పోసిస్తారు, మొహమాటపడనక్కర్లేదు.

ఆ ఊరి చర్చి మాత్రం వదలొద్దు. లోపల పద్నాలుగో శతాబ్దం నాటి రాతి విగ్రహాలు తొమ్మిది ఉన్నాయి, డి లా బెష్ అనే వంశం వాళ్ళవి. మనుషుల కన్నా పెద్దగా ఉంటాయని వాటిని ఆల్డ్‌వర్త్ రాక్షసులంటారు. వాటిలో కొన్నింటికి ఊరివాళ్ళు పెట్టిన పేర్లు జాన్ లాంగ్, జాన్ స్ట్రాంగ్, జాన్ నెవర్ అఫ్రైడ్. ఎప్పుడూ భయపడే జాన్ అని ఇంకొకడున్నాడు. చర్చి లోపల పాతిపెట్టినా బయట పాతిపెట్టినా నీ ఆత్మ నాదేనని సైతాను మాట తీసుకున్నాడట, దాంతో వాణ్ణి అటూ ఇటూ కాకుండా గోడలో పెట్టారట. హిరణ్యకశిపుడి వరం గుర్తొచ్చి అమ్మ నవ్వింది. మీకు ఓపికుంటే గోరింగ్ అండ్ స్ట్రీట్లీ స్టేషన్‌లో రైలు దిగి, థేమ్స్ మీది వంతెన దాటి, కొండెక్కి నడిచి వెళ్ళొచ్చు. పెద్దవాళ్ళతో అయితే కారే మేలు. సోమవారం మూసి ఉంటుంది.

సముద్రం కూడా చూపించాలంటే డోర్సెట్‌లో వర్త్ మాట్రావర్స్. అక్కడ స్క్వేర్ అండ్ కంపస్ అని రాతితో కట్టిన పబ్, 1907 నుంచి ఒకే కుటుంబం చేతిలో ఉంది. ఇక్కడా కిటికీలోంచే ఇస్తారు. తినడానికి పేస్టీలు, అంటే లోపల కూరిన పెద్ద కజ్జికాయల్లాంటివి, తీపి కాదు. మాంసం లేనిది కూడా ఉంటుంది. బయట రాతిపలకల బల్లల మీద కూర్చుంటే పొలాల అవతల సముద్రం కనిపిస్తుంది. పబ్‌లోనే ఒక గదిలో ఆ తీరంలో దొరికిన శిలాజాలు పెట్టారు. మా నాన్న లెక్కల మాస్టారు, అక్కణ్ణుంచి కదలడానికి అరగంట పట్టింది. కామ్రా వాళ్ళ బీర్ గైడ్ 1974లో మొదలైంది. మొదటి నుంచీ దాదాపు ప్రతి సంచికలోనూ కనిపించే కొద్దిపాటి పబ్‌లలో ఇదొకటి. రెడింగ్ నుంచి కారులో రెండున్నర గంటలు. దారిలో కోర్ఫ్ కోట శిథిలాలు కూడా చూసేయొచ్చు.

కాట్స్‌వల్డ్స్ కొండల ప్రాంతానికి ఎలాగూ వెళ్తారు, అందరూ వెళ్తారు. ఆ పేరున్న ఊళ్ళలో జూలైలో పార్కింగ్ దొరకడమే గగనం. కొంచెం పక్కకి జరిగి ఈవ్‌షమ్ దగ్గర బ్రెట్‌ఫర్టన్‌లో ఫ్లీస్ ఇన్‌కి వెళ్ళండి. అది మొదట రైతు ఇల్లు. తరాల తరబడి ఒకే కుటుంబంలో ఉండి, చివరి యజమానురాలు లోలా టాప్లిన్ 1977లో చనిపోతూ, పాత కట్టడాల్ని కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థకి రాసిచ్చింది. లోపల పొయ్యి ముందు నేల మీద తెల్లటి వలయాలు గీసి ఉంటాయి. పొగగొట్టంలోంచి మంత్రగత్తెలు దిగి ఇంట్లోకి రాకుండా వేసేవారట. మా అమ్మ వంగి చూసి "వీళ్ళకీ ముగ్గులున్నాయిరా" అంది. ఆ ప్రాంతం ఆస్పరాగస్ అనే పచ్చటి కాడల కూరకి ప్రసిద్ధి, కానీ దాని సీజన్ జూన్ మూడో వారానికే అయిపోతుంది. జూలైలో మీకు తాజాగా దొరకదు.

ఉత్తరాన కొండలూ సరస్సులూ ఉండే లేక్ డిస్ట్రిక్ట్ మీ ప్లాన్‌లో ఉంటే గ్రేట్ లాంగ్‌డేల్ లోయలో ఓల్డ్ డంజన్ గిల్ ఉంది. దాని హైకర్స్ బార్ ఒకప్పుడు పశువుల కొట్టం, ఆవుల్ని కట్టే అరలు ఇప్పుడు కూర్చునే చోట్లయ్యాయి. ఆంబుల్‌సైడ్ దగ్గర డ్రంకెన్ డక్ (తాగిన బాతు) దానికి పూర్తిగా వేరు, అక్కడ భోజనం మీద శ్రద్ధ ఎక్కువ, ఖర్చూ ఎక్కువే. పేరు వెనక కథ: పీపా కారి బీరు తాగిన బాతులు స్పృహ తప్పి పడి ఉంటే, చచ్చాయనుకుని యజమానురాలు ఈకలు పీకేసిందట. తర్వాత అవి లేచేసరికి పాపం అనిపించి వాటికి ఊలు చొక్కాలు అల్లిందట. రెడింగ్ నుంచి అయిదారు గంటల దూరం, రెండు రాత్రులైనా ఉండకపోతే దండగ. అక్కణ్ణుంచి తూర్పుకి, యార్క్‌షైర్‌లో 1,732 అడుగుల ఎత్తున ఉన్న టాన్ హిల్ ఇన్ బ్రిటన్‌లో అన్నిటికన్నా ఎత్తైన పబ్. 2021 నవంబర్‌లో మంచు తుపానుకి అరవై మందికి పైగా మూడు రాత్రులు అందులో ఇరుక్కుపోయారు, ఒయాసిస్ అనే రాక్ బ్యాండ్ పాటలు పాడే బృందం కూడా వాళ్ళతోనే. జూలైలో ఆ భయం లేదు గానీ, దాని కోసమే అంత దూరం వెళ్ళమని నేను చెప్పను.

ఇక పేరున్న తిండి సంగతి. కెంట్‌లో సీసాల్టర్ అనే చోట సముద్రపు కట్ట పక్కన స్పోర్ట్స్‌మన్ ఉంది. బయటి నుంచి చూస్తే ఇదేనా అనిపిస్తుంది, కానీ గొప్ప వంటకి ఇచ్చే మిషెలిన్ స్టార్ 2008 నుంచి ఉంది. మార్లోలో హ్యాండ్ అండ్ ఫ్లవర్స్ రెండు మిషెలిన్ స్టార్లు తెచ్చుకున్న మొదటి పబ్. రెండూ గొప్పవే, చాలా ముందుగా బుక్ చేయాలి. కానీ నిజం చెప్పాలంటే శాకాహారి అమ్మతో వెళ్ళడానికి నేను వీటిని ఎంచుకోను. అక్కడ అసలు పనితనమంతా చేపలోనూ మాంసంలోనూ ఉంటుంది. అంత డబ్బు పోసి ఆవిడ పక్కన పెట్టిన దుంపలు తింటుంటే చూడ్డానికి బాగోదు. మీ పెళ్ళిరోజుకి మీరిద్దరూ వెళ్ళండి.

శాకాహారం గురించి కొన్ని జాగ్రత్తలు. మెనూలో శాకాహారమని చెప్పే 'వీ' గుర్తు చూసుకుంటే చాలావరకు ఇబ్బంది లేదు, కానీ పక్కన వచ్చేవాటితోనే చిక్కు. గ్రేవీ అంటే మన కూర గ్రేవీ కాదు, మాంసం కాల్చినప్పుడు కారే రసంతో చేస్తారు. యార్క్‌షైర్ పుడింగ్ అంటే తీపి కాదు, పొంగిన పూరీకి పైన గుంట పడితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. చాలా చోట్ల దాన్ని గొడ్డు కొవ్వులో చేస్తారు. చిప్స్ (ఇక్కడ అంటే వేయించిన లావు బంగాళాదుంప ముక్కలు) కూడా కొన్ని చోట్ల, ముఖ్యంగా ఉత్తరాన, అదే కొవ్వులో వేయిస్తారు. ఏ నూనెలో వేయించారని అడగడం ఇక్కడ తప్పేమీ కాదు. బీఫ్ తినని వాళ్ళకి ఇంకోటి: షెపర్డ్స్ పై అంటే గొర్రె మాంసం, కాటేజ్ పై అంటే గొడ్డు మాంసం, చూడ్డానికి రెండూ ఒకలాగే ఉంటాయి. ప్లౌమన్స్ లంచ్ అయితే బ్రెడ్డూ చీజూ ఊరగాయ ఉల్లిపాయలూ, హామ్ (పంది మాంసం) వద్దని చెప్తే సరి. స్టికీ టాఫీ పుడింగ్ తప్పకుండా చెప్పండి, ఇది తీపిదే, ఖర్జూరంతో చేస్తారు, మా అమ్మ దాని కోసం మళ్ళీ పబ్‌కి వెళ్దామంది. పుదీనా సాస్ మాత్రం ఆవిడ క్షమించలేదు. "పుదీనా పచ్చడిలో వెనిగరూ పంచదారా ఏమిటి?" అని ఇప్పటికీ అంటుంది. హార్స్‌రాడిష్ అనే ఘాటు వేరుతో చేసే సాస్ నచ్చింది, ఆవపెట్టిన కూరలా ముక్కులోకి ఎక్కుతుంది కదా.

టైము దగ్గర నేను దెబ్బతిన్నాను. ఒక ఆదివారం, పేరు చెప్పను, కొండల్లో చక్కటి పబ్. నాన్న మెల్లగా నడుస్తాడు, మేం చేరేసరికి మూడూ పది. కిచెన్ మూడింటికే మూసేశామన్నారు. బతిమాలినా లాభం లేకపోయింది. చుట్టుపక్కల కొట్టు లేదు, ఫోన్‌కి సిగ్నల్ లేదు. ముగ్గురం మూడు ప్యాకెట్ల క్రిస్ప్స్ (మన ఆలూ చిప్స్) తిని, కార్లో మిగిలిన రెండు అరటిపళ్ళు పంచుకుని వెనక్కి వచ్చాం. మామూలు రోజుల్లో కూడా చాలా చోట్ల మధ్యాహ్నం రెండున్నర నుంచి ఆరింటి దాకా వంట ఉండదు. ఆదివారం రోస్ట్‌కి, అంటే కాల్చిన మాంసంతో పెట్టే ఆదివారం భోజనానికి, ముందే ఫోన్ చేసి బల్ల చెప్పుకోండి, పన్నెండున్నరకైతే ఇంకా మంచిది.

లోపలికెళ్ళి కూర్చుని వెయిటర్ వస్తాడని చూడకండి. మొదటిసారి నేను పాతిక నిమిషాలు అలా కూర్చున్నాను, వచ్చింది కుక్క ఒక్కటే. బల్ల మీది నంబరు చూసుకుని, కౌంటర్ దగ్గరికి వెళ్ళి చెప్పి, చాలా చోట్ల అప్పుడే డబ్బులు కట్టి రావాలి. టిప్పు అక్కడ ఇవ్వనక్కర్లేదు. బల్ల దగ్గరికొచ్చి వడ్డించే చోట బిల్లులో సర్వీసు కలిపారేమో చూసుకుని, లేకపోతే పది శాతం ఇస్తే సరిపోతుంది.

డ్రైవ్ చేసేవాళ్ళు తాగకండి, ఒక్క పింటే కదా అని కూడా వద్దు. ఆ పల్లె దారులు ఒక కారుకే సరిపోతాయి, రెండు పక్కలా మనిషెత్తు పొదలు, ఎదురుగా ట్రాక్టర్ వస్తే వెనక్కి నడపాల్సింది మీరే. గ్రామాల్లో యాప్ తెరిస్తే టాక్సీ వస్తుందనుకోవద్దు, రైల్లో వెళ్తే తిరుగు ప్రయాణానికి ముందే మాట్లాడుకోవాలి.

మీరు ఎక్కడ బస చేస్తున్నారో, కారు ఉందో లేదో రాయలేదు. అది చెప్తే ఆ దారిలో నాకు తెలిసినవి ఇంకో రెండు మూడు రాస్తాను. నాన్నగారికి మోకాళ్ళ నొప్పులుంటే అది కూడా చెప్పండి, స్ట్రీట్లీ కొండ ఎక్కమని మాత్రం చెప్పను.