మెసేజ్ వచ్చిన రోజే గడువు మొదలైంది

ప్రశ్న: బావమరిదికి బ్యాంకు ద్వారా 4 లక్షల రూపాయలు చేబదులు ఇచ్చాను. అతను 2025 నవంబర్ 15 తేదీతో ఇచ్చిన చెక్కును 17న నా ఖాతాలో వేశాను. అతని ఖాతాలో డబ్బు చాలక చెల్లలేదని ఆ సాయంత్రమే ఫోనుకు మెసేజ్ వచ్చింది. బంధుత్వం చెడుతుందని ఊరుకుని, డిసెంబర్ 29న బ్యాంకుకు వెళ్లి చెక్కు, అది చెల్లలేదని బ్యాంకు ఇచ్చే రిటర్న్ మెమో తెచ్చుకున్నాను. నోటీసు గడువును మెమో అందిన రోజు నుంచి లెక్కించవచ్చా? చెక్కుపై తేదీ దిద్ది మళ్లీ వేయమని ఒక మిత్రుడు అంటున్నాడు.

జవాబు: మీ కేసుకు కీలకం నవంబర్ 17 సాయంత్రం వచ్చిన ఆ మెసేజే. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ ప్రకారం, చెక్కు చెల్లలేదన్న సమాచారం బ్యాంకు నుంచి అందిన 30 రోజుల్లోగా, డబ్బు చెల్లించమని చెక్కు ఇచ్చిన వ్యక్తికి లిఖితపూర్వక నోటీసు ఇవ్వాలి. ఆ సెక్షన్‌లో ఉన్న మాట ‘సమాచారం’. మెమో చేతికందడం అని అందులో లేదు. కాగితపు చెక్కు ఒక బ్యాంకు నుంచి మరో బ్యాంకుకు ప్రయాణించిన రోజుల్లో ఈ రెంటికీ తేడా పెద్దగా ఉండేది కాదు. ఇప్పుడు చెక్కు మీ బ్యాంకులోనే ఆగి, దాని స్కాన్ చిత్రం మాత్రమే వెళ్తుంది. పైగా 2025 అక్టోబర్ 4 నుంచి రిజర్వు బ్యాంకు నిరంతర క్లియరింగ్ (చెక్కులను విడతలుగా కాక, వచ్చినవి వచ్చినట్టే పంపే పద్ధతి) ప్రవేశపెట్టడంతో, చెల్లించవలసిన బ్యాంకు ఆ రోజు సాయంత్రం 7 గంటల్లోగా ఔనో కాదో తేల్చాలి. కాబట్టి డిసెంబర్ 17తో మీ గడువు ముగిసిందని అవతలి న్యాయవాది వాదిస్తారు, ఆ వాదనకు బలముంది. ఫిర్యాదు దాఖలులో జాప్యాన్ని 142వ సెక్షన్ కింద కోర్టు మన్నించగలదు గానీ, నోటీసు జాప్యాన్ని మన్నించే వీలు చట్టంలో లేదు. మెసేజ్ చూసి కూడా 42 రోజులు కదలకపోవడం మీ స్వయంకృతం.

తేదీ మాత్రం దిద్దవద్దు. చెక్కు ఇచ్చిన వ్యక్తి సమ్మతి లేకుండా తేదీ మారిస్తే 87వ సెక్షన్ ప్రకారం చెక్కే చెల్లకుండా పోతుంది, పైగా ఫోర్జరీ కేసులో మీరే ముద్దాయి అవుతారు. నవంబర్ 17న తీసిన చిత్రంలో అసలు తేదీ స్పష్టంగా ఉంది. దాన్ని కోర్టుకు తెప్పించడం కష్టమేమీ కాదు.

అదృష్టవశాత్తూ చెక్కుకు ఇంకా ప్రాణం ఉంది. చెక్కు తేదీ నుంచి మూడు నెలల్లోగా ఎన్నిసార్లయినా వేయవచ్చు. మళ్లీ తిరిగివస్తే, ఆ రెండో తిరస్కరణ ఆధారంగా కేసు వేయవచ్చని 2012లో ఎంఎస్ఆర్ లెదర్స్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ మూడు నెలలు ముగిసే 2026 ఫిబ్రవరి 14 రెండో శనివారం, బ్యాంకులకు సెలవు. అందువల్ల చివరి రోజు వరకు చూడక ఈ వారమే వేయండి. ఈసారి తిరిగివస్తే మెసేజ్ వచ్చిన తేదీనే లెక్కలోకి తీసుకుని, వారంలోగా స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. అది అందాక 15 రోజుల్లో అతను చెల్లించకపోతే, ఆపై ఒక నెలలోగా మీ ఖాతా ఉన్న శాఖ పరిధిలోని మేజిస్ట్రేట్ కోర్టులో ఫిర్యాదు చేయాలి. డబ్బు పంపిన నాటి ఖాతా స్టేట్‌మెంట్, రెండు మెమోలు, పోస్టు రసీదు భద్రపరచండి. ఆ మెసేజ్‌ను ఫోనులోంచి తుడిచివేయవద్దు.