పాత తెలుగు పాటల ఫైళ్ళు సర్దుకోవడానికి ఏ సాఫ్ట్‌వేర్ మంచిది?

మీరు అడిగింది ఇదీ: నాన్నగారి క్యాసెట్ల నుంచి ఎక్కించినవి, ఏళ్ళ తరబడి అక్కడా ఇక్కడా దించుకున్న సినిమా పాటలు కలిపి వేల ఫైళ్ళు పోగయ్యాయి. సగానికి ‘ట్రాక్ 01’ అనే పేరు, మిగతా సగానికి ఏదో వెబ్‌సైట్ పేరు. విండోస్‌లో వీటిని సర్దడానికి ఏది వాడాలి అని.

మాది పాలకొల్లు దగ్గరండి, మా ఇంట్లో సరుకూ ఇలాంటిదే. పాత సినిమా పాటలు, కీర్తనలు, మా మావయ్య తీర్థాల్లో టేప్ రికార్డర్ పెట్టి పట్టిన పద్యనాటకాలు, హరికథలు. నేను వాడేవి రెండు: ట్యాగులు (ఫైల్ లోపల రాసి ఉండే పాట పేరు, గాయకుడు లాంటి వివరాలు) దిద్దడానికి ఎంపీ3ట్యాగ్, వినడానికి మ్యూజిక్‌బీ. విండోస్‌లో రెండూ ఉచితమే.

అందరూ ముందు ప్లేయర్ కోసం వెతుకుతారు. నన్నడిగితే ముందు చూడాల్సింది ట్యాగర్. ఈరోజు నచ్చిన ప్లేయర్ ఐదేళ్ళకి ఉంటుందో లేదో తెలీదు. పాట పేరు, గాయకుడు, సినిమా, సంవత్సరం ఫైల్ లోపలే రాసి ఉంటే ఏ ప్లేయర్‌కి మారినా అవి వెంట వస్తాయి. ప్లేయర్ తన సొంత డేటాబేసులో దాచుకునేవి రావు. ఐట్యూన్స్‌లో మీరిచ్చిన స్టార్ రేటింగులు దాని లైబ్రరీలోనే ఉంటాయి, పాట ఫైల్లోకి ఎక్కవు. కాబట్టి ఏ సాఫ్ట్‌వేర్ చూసినా ‘ఇది ఫైల్లో రాస్తుందా, తన దగ్గర దాచుకుంటుందా’ అని ముందు చూడండి. మ్యూజిక్‌బీలో రేటింగు ఫైల్లోకే రాయించుకోవచ్చు.

మ్యూజిక్‌బ్రెయిన్జ్ పికార్డ్ వాడమని చాలామంది చెప్తారు. మంచి సాఫ్ట్‌వేరే, ఉచితం కూడా. పాట ధ్వనిని బట్టి ఒక గుర్తు తయారుచేసి, ఇంటర్నెట్‌లో ఉన్న డేటాబేసుతో పోల్చి వివరాలు నింపుతుంది. కొనుక్కున్న సీడీల నుంచి తీసుకున్న పాటలకైతే హాయిగా వాడండి. క్యాసెట్ సంగతి వేరు. టేపు కాస్త వేగంగానో నెమ్మదిగానో తిరిగిందంటే ఆ గుర్తు కలవదు. తీర్థంలో పట్టిన నాటకం అసలు ఏ డేటాబేసులోనూ ఉండదు. పాత తెలుగు పాటలకి దొరికినా రోమన్ లిపిలో, ఒక్కోదానికి ఒక్కో స్పెల్లింగుతో వస్తుంటాయి. కాబట్టి చేత్తో దిద్దే పని ఎలాగూ తప్పదు, దానికి ఎంపీ3ట్యాగే తేలిక.

వందల ఫైళ్ళు ఒకేసారి ఎంచుకుని, సినిమా పేరు ఒక్కసారి కొట్టి సేవ్ చేస్తే అన్నింటికీ ఎక్కుతుంది. ఫైల్ పేరులోనే ‘గాయని - పాట’ అని ఉంటే ఆ పేరు విడగొట్టి ట్యాగుల్లో నింపే సదుపాయం కన్వర్ట్ మెనూలో ఉంది. వెబ్‌సైట్ పేర్లని యాక్షన్స్‌లో ఒకసారి ‘దీన్ని తీసెయ్’ అని రాసిపెట్టుకుంటే, ఇక ఏ ఫోల్డర్ మీదైనా నడిపించుకోవచ్చు. ఎంపీ3 ఫైల్లో ట్యాగులు రాసే పద్ధతిని ఐడీ3 అంటారు; సెట్టింగుల్లో దాని పాత మొదటి వెర్షన్ రాయడం మాత్రం ఆపేయండి. అందులో పేరుకి 30 బైట్లే చోటు, తెలుగు అసలు పట్టదు, ప్రశ్నార్థకాలు మిగులుతాయి.

ఇక మన సినిమా పాటల దగ్గర అందరికీ వచ్చే తలనొప్పి: ఒకే సినిమా పది ఆల్బములుగా చీలిపోవడం. యుగళగీతానికి ఇద్దరు గాయకులు, ఇంకోదానికి ఒక్కరే, ఆర్టిస్టు మారినప్పుడల్లా చాలా ప్లేయర్లు కొత్త ఆల్బం అనుకుంటాయి. దీనికి మందు ‘ఆల్బం ఆర్టిస్ట్’ అనే గడి. నేను అందులో సంగీత దర్శకుడి పేరు పెడతాను, గాయకుల పేర్లు ఆర్టిస్టులో. ఆల్బం గడిలో సినిమా పేరుతో పాటు సంవత్సరం కూడా వేయండి. ‘దేవదాసు’ అనే పేరుతో 1953లో ఒకటి, 1974లో ఒకటి, 2006లో ఒకటి వచ్చాయి. సంవత్సరం లేకపోతే మూడూ ఒకే కుప్ప.

లిపి సంగతి. నేను ట్యాగులన్నీ తెలుగులోనే పెడతాను, ఫైల్ పేర్లు మాత్రం రోమన్‌లో. మన శంకరగుప్తంలో పుట్టిన బాలమురళీకృష్ణగారినే తీసుకోండి (ఆయన మా గోదావరి మనిషి అని చెప్పుకోవడం మాకు సరదా). ఇంగ్లీషులో ఆయన పేరు డాక్టర్‌తో, డాక్టర్ లేకుండా, కలిపి, విడగొట్టి రకరకాలుగా ఉంటుంది, ప్లేయర్ అంతమంది వేరువేరు గాయకులు అనుకుంటుంది. తెలుగులో ఒక రూపం అనుకుని, ఎంపీ3ట్యాగ్‌లో అన్నీ ఎంచుకుని ఒకేసారి మార్చేస్తే సరి. కారు స్టీరియోల్లో చాలావాటికి తెలుగు అక్షరాలు రావు, డబ్బాలు కనిపిస్తాయి. మా బావ కారులో పెన్‌డ్రైవ్ పెట్టినప్పుడల్లా ఇదే గొడవ. ట్యాగుకి బదులు ఫోల్డర్ల వారీగా చూపించమని స్టీరియోలో పెట్టుకుంటే రోమన్ ఫైల్ పేర్లు ఆదుకుంటాయి.

కీర్తనలకి కంపోజర్ గడిలో వాగ్గేయకారుడు, ఆర్టిస్టులో పాడినవారు. రాగానికి ఎంపీ3ట్యాగ్‌లో సొంతంగా ఒక గడి చేసుకోవచ్చు, మ్యూజిక్‌బీ కూడా దాన్ని చూపిస్తుంది. తర్వాత మోహనం అని కొడితే ఇంట్లో ఉన్న మోహన రాగాలన్నీ వరసగా వస్తాయి. నాకు ఈ పనంతటిలో బాగా నచ్చింది ఇదే.

నాటకాల టేపులకి ఏ పద్ధతీ ఎవరూ రాసిపెట్టలేదు కాబట్టి మీ ఇష్టం. నేను ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో పద్యం మొదలయ్యే చోట లేబుల్ పెట్టి ముక్కలు చేస్తాను, పద్యం ఎత్తుగడే పాట పేరు. ఆల్బంలో నాటకం, ఊరు, సంవత్సరం. హార్మోనిస్టు పేరు కామెంటులో వేస్తాను, లేకపోతే ఆయన్ని ఎవరూ తలుచుకోరు. ఎవరు పాడారో చెప్పగల పెద్దవాళ్ళు ఉండగానే కూర్చోబెట్టి అడిగి రాయించుకోండి, సాఫ్ట్‌వేర్ తర్వాతైనా మార్చుకోవచ్చు.

క్యాసెట్లు ఇంకా ఎక్కించాల్సినవి ఉంటే వేవ్ (WAV) ఫైళ్ళుగా కాదు, ఫ్లాక్ (FLAC) ఫైళ్ళుగా సేవ్ చేయండి. సీడీ నాణ్యత వేవ్ నిమిషానికి సుమారు 10 ఎంబీ, అంటే గంట క్యాసెట్‌కి 600 ఎంబీ. ఫ్లాక్ నాణ్యత తగ్గించకుండానే దాన్ని బాగా కుదిస్తుంది. పైగా వేవ్‌లో రాసిన ట్యాగులు చాలా ప్లేయర్లు చదవవు. మన తడిగాలికి బూజు పట్టిన టేపు కనిపిస్తే మాత్రం శుభ్రం చేయించకుండా డెక్కులో పెట్టకండి, హెడ్ పాడవుతుంది.

మ్యూజిక్‌బీలో ఫైళ్ళని తనంతట తానే ఫోల్డర్లలోకి సర్దిపెట్టే ఆప్షన్ ఉంది. ట్యాగులన్నీ దిద్దాకే, అదీ మొత్తం ఇంకో హార్డ్ డిస్కులోకి కాపీ తీసుకున్నాకే దాన్ని నొక్కండి. లైనక్స్ అయితే స్ట్రాబెర్రీ అనే ప్లేయర్ చూడండి. కమాండ్లు కొట్టడం అలవాటున్నవాళ్ళకి బీట్స్ (beets) అనే సాఫ్ట్‌వేర్ ఉంది, మీకు వద్దు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో నాన్నగారికి పెట్టివ్వడానికి మ్యూజికొలెట్ సరిపోతుంది, ఇంటర్నెట్ లేకుండానే నడుస్తుంది. ముందు ఒక్క సినిమా ఫోల్డర్ తీసుకుని ఇదంతా చేసి చూడండి, ఎక్కడైనా ఆగిపోతే ఆ ఫోల్డర్ స్క్రీన్‌షాట్ పెట్టండి.