1500డి ఉండగా ఫుల్ ఫ్రేమ్ కొనాలా?

కానన్ 1500డి, దాంతోపాటు వచ్చిన 18-55 లెన్స్‌తో తీస్తున్న పెళ్లి ఫోటోల్లో గరుకు (చుక్కచుక్కల నాయిస్), మసక వస్తున్నాయి, ఫుల్ ఫ్రేమ్‌కి (వెలుతురుని పట్టే సెన్సార్ పెద్దగా ఉండే కెమెరాకి) మారితే పోతాయా అని అడిగారు. ఇప్పుడే బాడీ (లెన్స్ కాకుండా కెమెరా) మార్చకండి.

ముందు చెడిపోయిన ఫోటోలు ఓ యాభై తీసి, కంప్యూటర్లో నూరు శాతం జూమ్ చేసి చూడండి. ఫ్రేములో ఉన్నవన్నీ ఒకే వైపుకి చెరిగితే మీ చెయ్యి కదిలింది. మొహాలు బాగుండి చేతులే చెరిగితే షట్టర్ వేగం చాలలేదు. వెనక పూలు స్పష్టంగా ఉండి పెళ్లికూతురు మసకైతే ఫోకస్ తప్పింది. మొదటి రెండూ, గరుకూ కలిపి వెలుతురు కరువే.

తలంబ్రాల దగ్గర ఇది బాగా బయటపడుతుంది. 55 ఎంఎంలో మీ లెన్స్ ఎఫ్ 5.6 కన్నా తెరుచుకోదు (ఎఫ్ అంకె తగ్గేకొద్దీ లెన్స్ ఎక్కువ తెరుచుకుంటుంది). రాత్రి ముహూర్తానికి ఐఎస్‌ఓ (వెలుతురుకి సెన్సార్ స్పందన) 6400 పెట్టినా వెలుతురు చాలని మండపాల్లో షట్టర్ 1/60 సెకను దాటదు, తలంబ్రాల గింజలు తెల్ల గీతలైపోతాయి. 50 ఎంఎం ఎఫ్ 1.8 ఎస్‌టీఎం లెన్స్ వేస్తే 9 రెట్లకు పైగా వెలుతురొస్తుంది. అయితే 1.8 దగ్గర, రెండు మీటర్ల దూరంలో, స్పష్టంగా ఉండే లోతు 11 సెంటీమీటర్లే. వధువు కుదిరితే వరుడు జారిపోతాడు. ఇద్దరికీ ఎఫ్ 2.8 పెట్టండి. అప్పుడూ 5.6 కన్నా నాలుగు రెట్లు ఎక్కువే. ఫుల్ ఫ్రేమ్ సెన్సార్ మీదానికంటే 2.6 రెట్లే పెద్దది, అంటే దాని లాభం లెన్స్ ఇచ్చేదానికన్నా తక్కువే. పైగా మీ కిట్ లెన్స్‌ని అడాప్టర్‌తో 20 మెగాపిక్సెళ్ల కానన్ ఫుల్ ఫ్రేమ్ కెమెరా ఆర్6కి తగిలిస్తే, మధ్య భాగమే వాడుకుని దాదాపు 8 మెగాపిక్సెళ్ల ఫోటో ఇస్తుంది. అంటే లెన్సులూ కొనాలి.

50తో ఒక ఇబ్బంది ఉంది. అడ్డంగా తీసే ఫ్రేములో జంట నిలువెత్తున పట్టాలంటే ఆరు మీటర్లు వెనక్కి జరగాలి, అక్కడ వీడియో వాళ్లు కదలనివ్వరు. గ్రూపులకి 18-55నే ఉంచి ఫ్లాష్ వాడండి. ఫ్లాష్ వెలుతురుని రంగుల షామియానాకి కొట్టి వెనక్కి తిప్పితే (బౌన్స్) మాత్రం ఆ రంగే మొహాలకి పూసుకుంటుంది. ఫ్లాష్‌తో షట్టర్ 1/200 దాటనివ్వకండి. ఫ్లాష్ లేకుండా నాసిరకం ఎల్‌ఈడీల కింద తీస్తే 1/100కే ఆగండి. మన కరెంటు 50 హెర్ట్జ్, అవి సెకనుకి వందసార్లు మిణుకుతాయి కాబట్టి అంతకన్నా వేగంలో నల్ల చారలు పడతాయి.

ఫోకస్‌కి తొమ్మిది పాయింట్లలో మధ్యదొక్కటే క్రాస్ టైపు (అడ్డం, నిలువు గీతలు రెంటినీ పట్టేది), దాన్నే వాడండి. కదలిక చూసి దానంతటదే ఫోకస్ మార్చే ఏఐ ఫోకస్ మోడ్ తీసేసి, కుదిరిన ఫోకస్‌ని పట్టి ఉంచే వన్ షాట్‌లో పెట్టి, తలంబ్రాలు ఎగరకముందే కంటి మీద లాక్ చెయ్యండి. లేకపోతే బియ్యం మీదకి పోతుంది.

మెగాపిక్సెళ్లు చాలవనే దుకాణం మాటలు నమ్మకండి. 24 మెగాపిక్సెళ్లంటే 6000×4000. 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) ప్రింట్ వేస్తే 20×13 అంగుళాలు. 12×36 ఆల్బమ్‌లో ఒక పేజీ 12×18 మాత్రమే.

బాడీ మార్చాల్సిన సందర్భాలు వేరే: 4కే వీడియో అడిగే పార్టీలు, కార్డు చెడితే ఫోటోలు పోకుండా రెండో మెమరీ కార్డు స్లాటు, నడిచొస్తున్న వాళ్ల కళ్లను వదలని ఫోకస్. డబ్బు తీసుకుని తీసేవాళ్లకి రెండు కార్డులు తప్పనిసరి.

50ని సెకండ్‌హ్యాండ్‌లో కొంటే వెనక నుంచి ఫోన్ టార్చి వేసి చూడండి. సాలెగూడు పోగుల్లాంటివి కనిపిస్తే ఫంగస్, వదిలెయ్యండి.