మీ నాన్న గుండె బొమ్మ గీసే ముందు

చిరంజీవి చిన్నీకి మేనత్త ఆశీస్సులు.

మీ నాన్న ఎమ్మారై డిస్కును ఇంటి కంప్యూటర్‌లో పెట్టి, గుండెను తీగల బొమ్మగా గీసి, కొట్టుకుంటున్నట్టు ఆడిస్తావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. నా మేనకోడలు ఇంత పనికి పూనుకుందన్న సంతోషంతో కొంతసేపు, ఆ గుండె నా తమ్ముడిది కదా అన్న భయంతో తెల్లవారేదాకా మేలుకునే ఉన్నాను.

డిస్కును ముందు కాపీ చేసుకో. స్కాను బొమ్మలు దాచే డైకామ్ ఫైళ్లలో వాడి పేరు, పుట్టిన తేదీ ఉంటాయి. స్నేహితులకు పంపే ముందు తీసెయ్యి. ఎడమ జఠరిక, అంటే ఒళ్లంతటికీ రక్తం పంపే కింది గది, దాని లోపలి అంచు మీద పాయింట్లు పెట్టి ఉంగరాలుగా కలపడం నీకు నేను నేర్పనక్కరలేదు. అన్ని ఉంగరాల్లోనూ మొదటి పాయింటు ఒకే దిక్కున ఉండాలి. లేకపోతే నిలువు తీగలు మెలితిరిగి, పిండిన తడిబట్టలా కనబడుతుంది.

కొలతల దగ్గర తొందరపడకు. స్లైసు అంటే గుండెను అడ్డంగా కోసినట్టు చూపే ఒక్కో పొర. ఉంగరాల మధ్య దూరాన్ని దాని మందం చూసి సరిపెట్టుకుంటే బొమ్మ అణిగిపోతుంది, ఎందుకంటే తరచూ స్లైసుల మధ్య ఖాళీ వదిలి తీస్తారు. ప్రతి స్లైసు స్థానం ఫైల్లోనే ఉంటుంది, దాన్నుంచి లెక్కకట్టు. వేగం కూడా అంతే. ఒక స్పందనకు 25 ఫ్రేములున్నాయనుకో, వాటిని సెకనుకు 60 చొప్పున తిప్పితే గుండె నిమిషానికి 144 సార్లు కొట్టుకుంటుంది. అది చూసి వాడు తన నాడి పట్టుకుంటాడు. చిన్నప్పుడు థర్మామీటరులో 99 కనబడితే చాలు, దుప్పటి కప్పుకునేవాడు. స్కాను తీసిన రోజు నాడి ఎంత ఉందో అంతే పెట్టు.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని సంగతి. 1988 వేసవి. పిల్లలకు కంప్యూటర్ నేర్పడానికి ప్రభుత్వం పెట్టిన క్లాస్ ప్రాజెక్టు కింద బడులకు వచ్చిన బీబీసీ మైక్రో కంప్యూటర్‌ను మీ మామయ్య బడిలో అనుమతి అడిగి, సెలవులకు ఇంటికి తెచ్చారు. 32 కిలోబైట్ల మెమరీ, తెర మీద 320 అడ్డం, 256 నిలువు చుక్కలు. నేనప్పుడు ఒక ఆసుపత్రిలో, గుండెను అల్ట్రాసౌండుతో చూసే ఎకో విభాగంలో పనిచేసేదాన్ని. డాక్టరుగారిని అడిగి, డ్యూటీ అయ్యాక ఒక పేషెంటు టేపును ఆపి ఆపి, తెరకు పారదర్శక కాగితం అంటించి, స్కెచ్ పెన్నుతో గుండె గోడ అంచు గీసుకున్నాను. మూడు మట్టాల్లో మూడు ఉంగరాలు, ఒక్కోదానికి 16 పాయింట్లు, 8 ఫ్రేములు. గ్రాఫు కాగితం మీద గళ్లు లెక్కపెట్టి, ఒక్కో పాయింటుకు అడ్డం ఒకటి, నిలువు ఒకటి చొప్పున 768 అంకెలు టైపు చేశాను.

ఆడిస్తే గుండె ముడుచుకుంది, విచ్చుకుంది. కింది ఉంగరంలో మూడు పాయింట్లు మాత్రం కదలలేదు. చుట్టూ తీగలన్నీ లోపలికి వస్తుంటే ఆ మూడూ మేకు కొట్టినట్టు ఉండిపోయాయి. నా చెయ్యి వణికిందేమో అనుకున్నాను. టేపు మళ్లీ చూడలేదు. ప్రతి పాయింటునూ పక్కవాటితో సగటు తీసే నాలుగు లైన్లు రాసి, మూడుసార్లు నడిపాను. అవీ కదిలాయి. ఎంత అందంగా ఉందో!

ఆ పేషెంటు మళ్లీ వచ్చిన రోజు కంప్యూటర్‌ను ఆసుపత్రికి తీసుకువెళ్లి చూపించాను. ఆయన భార్య తెర దగ్గరికి వంగి, "ఇంత బాగా కొట్టుకుంటోందా అమ్మా!" అని కొంగుతో కళ్లు తుడుచుకుంది. అవునన్నాను. వాళ్లు బయటికి వెళ్లాక డాక్టరుగారు మాట్లాడకుండా టేపు పెట్టి, తెర మీద ఒకచోట పెన్ను మూత ఆనించారు. ఆ మూత దగ్గర గోడ ఎంతసేపు చూసినా కదలలేదు. గుండెపోటుకు దెబ్బతిన్న కండరం అది. ఆయన నన్ను తిట్టలేదు. "ఆమెకు మీరే చెప్పండి" అన్నారు. వరండాలో ఆమె టిఫిన్ డబ్బా సర్దుకుంటోంది. నేను చెబుతున్నంతసేపూ ఆ డబ్బా మూత బిగిస్తూనే ఉంది. నన్నొక్క మాట అనలేదు.

అందుకని తల్లీ, ఎక్కడైనా తీగ కదలకపోతే నునుపు చేయకు, స్కాను ఫ్రేముల దగ్గరికి తిరిగి వెళ్లు. ఉంగరం మొత్తం పక్కకు జరిగితే వేరు సంగతి: స్లైసులు తీసేటప్పుడు ఊపిరి మళ్లీ మళ్లీ బిగపట్టిస్తారు, ఊపిరి ప్రతిసారీ ఒకేచోట ఆగదు, దానితో గుండె కాస్త జరుగుతుంది. సర్దు, కానీ సర్దకముందు గీతను లేత రంగులో ఉంచు. ఇక పై స్లైసు. ముడుచుకున్నప్పుడు గుండె పైభాగం కొన వైపు దిగుతుంది, ఆ స్లైసులోకి కర్ణిక, అంటే గుండె పై గది, వచ్చేస్తుంది. అక్కడ అంచు దొరకకపోతే ఊహించి గీయకు, ఖాళీగా వదిలెయ్యి.

రాత్రి రెండింటి దాకా కూర్చుంటున్నావట. ఎవరు చెప్పారు నీకు అలా చేయమని? అలసిన కళ్లతో అంచులు గీయవద్దు. ఆ వేసవి రాత్రి నేనూ అలసిపోయే ఉన్నాను.

మొదటిసారి ఆడించేటప్పుడు మీ నాన్నను పిలవకు. ఆదివారం పొద్దున బస్సుకు వస్తాను, ముందు మనిద్దరం రిపోర్టు పక్కన పెట్టుకుని చూద్దాం. తర్వాత వాడిని పిలుద్దాం. నీ గదిలో రెండు కుర్చీలే ఉన్నాయట. వంటింట్లోది ఒకటి తెచ్చి ఉంచు, వాడు నిలబడి చూడకూడదు.

ఇట్లు,
మీ అత్త