నీ గడియారం ఇంకా అనంతపురంలోనే ఉంది

ప్రశ్న: మాది అనంతపురం. ఇంజినీరింగ్ మూడో ఏడు. ఎక్స్ఛేంజ్ మీద ఒక సెమిస్టర్ చదవడానికి జనవరి మొదట్లో ఫిన్లాండ్‌లోని ఔలుకు వచ్చాను. రెండు వారాలైంది. బయట మైనస్ 20. లేచేసరికి మధ్యాహ్నం, కాసేపటికే చీకటి. క్లాసులు పోతున్నాయి. ఎవరూ పలకరించరు. అమ్మ తెల్లవారి ఐదింటికి లేస్తుంది, తనతో మాట్లాడాకే పడుకుంటాను. బాగున్నానని అబద్ధం చెప్తున్నా. మొన్న మంచు మీద జారి మోకాలు చెక్కుకుపోయినా చెప్పలేదు. అమ్మ గొలుసు తాకట్టు పెట్టి పంపించారు. వచ్చేయాలనిపిస్తోంది. నేను చేతకానిదాన్నా?

జవాబు: అమ్మా, ముందొక లెక్క చూద్దాం. అనంతపురంలో పొద్దున ఐదంటే మీ దగ్గర రాత్రి ఒకటిన్నర. అప్పటిదాకా మేలుకుంటావు, మాట్లాడతావు, ఆ గొంతు చెవిలో ఉండగా వెంటనే నిద్రెలా పడుతుంది? లేచేసరికి పన్నెండు. ఇప్పుడక్కడ పొద్దు పొడిచేది పదింటి ప్రాంతంలో, మూడింటికల్లా గుంకుతుంది. ఉన్న ఐదు గంటల వెలుతురులో రెండు గంటలు దుప్పటి కిందే పోతున్నాయి. ఎండను తప్పించుకోవడమే నేర్పే ఊరు మనది, ఎండ కోసం వెతుక్కోవాలని నీకెవరు చెప్పారు గనక! చీకటి కాలంలో మనసు కుంగడం అక్కడ పుట్టినవాళ్లకూ ఉంది.

అందుకని అమ్మకు ఫోన్ మీ సాయంత్రం ఐదింటికి చెయ్యి. అనంతపురంలో ఎనిమిదిన్నర. సీరియల్ టైమంటావేమో, నీకోసం ఒకటి మానుకుంటుందిలే. రాత్రి పదకొండుకల్లా పడుకో. పొద్దున పదకొండుకు మబ్బు పట్టి ఉన్నా సరే, అరగంట బయట నడువు. మంచు మీద పడిన వెలుతురు తిరిగి కళ్లలోకి వస్తుంది. విటమిన్ డి మాత్రల గురించి అక్కడి మందుల షాపులో అడుగు, చలికాలంలో వాళ్లూ వేసుకుంటారు.

బట్టల సంగతి నువ్వు రాయలేదు కానీ, మనవాళ్లు చేసే తప్పు ఒకటుంది. ఒంటికి కాటన్ బనియన్, దానిమీద ఒక పెద్ద జాకెట్. కాటన్ చెమట పీల్చి తడిగా ఒంటికి అంటుకుంటుంది, చలి ఎముకల్లోకి దిగుతుంది. లోపల పలుచటి ఉన్నిది వేసుకో, దానిమీద ఇంకో పొర, ఆపైన జాకెట్. బూట్లు మందపాటి మేజోళ్లు పట్టేంత వదులుగా ఉండాలి. డబ్బు చూసుకోవాలి కదా, వాడిన బట్టల దుకాణాలు అక్కడ చాలా, కిర్ప్పుతోరి అంటారు, సిగ్గుపడకుండా వెళ్లు. నడవడమంటావా, వానకు తడిసిన తాడిపత్రి నాపరాళ్ల మీద ఎలా నడుస్తామో అలా, చిన్న చిన్న అడుగులు.

ఇక మనుషులు. మన దగ్గర బస్సులో పక్క సీటామె ఊరు, పెళ్లి, జీతం అన్నీ అడిగేస్తుంది. అక్కడ బస్టాపులో కూడా ఎడంగా నిలబడతారు. అది నీమీద కోపం కాదు, వాళ్ల మర్యాద అంతే. నువ్వే ఒక మాట కలుపు. హాస్టల్ వంటగదిలో ఒకరోజు ఉగ్గాని చెయ్యి, బొరుగులు దొరక్కపోతే చిత్రాన్నం. వాసనకే ఎవరో ఒకరు తలుపు తోస్తారు.

వచ్చేయడం తప్పేం కాదు, గొలుసు కోసం నలిగిపోనక్కర్లేదు. కాకపోతే ఆ నిర్ణయం ఈ చీకట్లో చేయకు. మార్చి 20 దాటాక మీ పగలు అనంతపురం పగలుకంటే పొడుగవుతుంది, టికెట్ మాట అప్పుడు మాట్లాడదాం. ఈలోగా రెండు వారాలు ఇలా చేసినా తిండి సహించకపోతే, నిద్ర కుదరకపోతే, యూనివర్సిటీలో విదేశీ విద్యార్థులను చూసుకునే ఆఫీసుకు వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పి డాక్టరును అడుగు. బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆగొద్దు, అక్కడి అత్యవసర నంబరు 112కి ఫోన్ చెయ్యి. ఇక్కడ అమ్మకు దిగులు ఎక్కువైతే 14416 ఉంది, టెలీ మానస్ అని మనసు బాధలకు ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

ఈ సాయంత్రం ఐదింటికి ఫోన్ చేసి మోకాలి సంగతి చెప్పెయ్. తిడుతుంది, ఆపైన పసుపు రాయమంటుంది. రాశానని మాత్రం అబద్ధం చెప్పకు, లేదని చెప్పు.